నోరు తెరిచిన డొక్కలు

బోండాలత్త కత్తి పట్టి ఇరవై రెండేళ్లయింది గానీ, తాగేసిన కొబ్బరిబోండాన్ని ఒక్కనాడూ బోర్లా పెట్టిన పాపాన పోలేదు. తాగినవాళ్ల చేతిలోంచి ఖాళీ డొక్క అందుకోవడం, అడుగున మిగిలిన నాలుగు చుక్కలు నేల మీద దులపడం, వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాపి గుట్ట మీద నోరు పైకుండేలా కూర్చోబెట్టడం, ఇదంతా చెయ్యి తనంతట తానే చేసుకుపోయేది. కళ్లు మాత్రం అప్పటికే తర్వాతి మనిషి మీద ఉండేవి.

మొగుడు నేర్పిన పద్ధతి అది. "డొక్క నోరు కిందికి పెట్టామా, బేరం బోర్లా పడ్డట్టే. నోరు పైకుంటే, తాగిపోయినవాణ్ణి మళ్లీ రమ్మని పిలుస్తూనే ఉంటుంది" అనేవాడు ఆయన. ఆయన పోయి తొమ్మిదేళ్లు. బండికి చక్రాలు రెండుసార్లు మారాయి, కత్తికి పిడి మూడుసార్లు మారింది. ఆ మాట మాత్రం మారలేదు.

బండి ఉండేది పెద్దాసుపత్రి గోడ మూల, గేటుకు పదడుగుల దూరంలో. బండి వెనక, గోడకు ఆనుకుని డొక్కల గుట్ట. పైన పచ్చగా, నడుమ ఎండి గోధుమ రంగులో, అడుగున నల్లగా, ఏ వయసుది ఆ వయసు వరసలో పెరిగి పెరిగి మనిషెత్తు దాటింది. వెయ్యి నోళ్లు తెరుచుకుని ఆకాశంకేసి చూస్తుండేది.

ఆ సోమవారం పొద్దున్నే టోపీ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. అంతకుముందు వారమంతా వాన. ఆయన ఆసుపత్రి చుట్టుపక్కల వీధుల శుభ్రం చూసే ఉద్యోగి. ఎండైనా వానైనా నెత్తి మీద టోపీ తియ్యడు కాబట్టి ఆ పేరు. బోండాలత్త లేతది ఒకటి ఏరి చేతిలోకి తీసుకుంది. ఆయన అక్కర్లేదన్నట్టు వేలు ఊపి, బండి చుట్టూ తిరిగి గుట్ట దగ్గర ఆగాడు. జేబులోంచి కలం తీశాడు. దాని తోకతో ఒక డొక్కను కొంచెం వంచాడు.

"ఇటు రామ్మా. ఇందులో ఏం కనబడుతోంది?"

"వాననీళ్లు బాబూ."

"సరిగ్గా చూడు."

ఆవిడ కొంగు నడుముకు దోపుకుని వంగింది. నీళ్లలో వెంట్రుక ముక్కల్లాంటివి తలకిందులుగా వేలాడుతున్నాయి. ఆవిడ నీడ పడగానే అన్నీ ఒక్కసారి మెలికలు తిరుగుతూ అడుక్కి జారిపోయాయి. ఆయన ఇంకో డొక్క వంచాడు. అందులోనూ అవే. మూడోది వంచబోతుంటే ఆవిడే, "చాల్లెండి బాబూ" అంది.

"దోమ పిల్లలు. ఇంకో నాలుగు రోజులకి రెక్కలొస్తాయి. గోడకి అటుపక్క ఏముందో తెలుసుగా?"

తెలీకేం. జ్వరాల వార్డు.

"శుక్రవారం పదింటికి వస్తాను. ఈ గుట్ట ఉండకూడదు. గుట్ట ఉంటే బండి ఉండదు. అంతే."

"చెత్తబండి వాళ్లు ఎక్కించుకోరు కదా బాబూ! ఎన్నిసార్లు కాళ్లావేళ్లా పడ్డానో వాళ్లనే అడగండి."

"అది నువ్వూ వాళ్లూ చూసుకోవాలి" అన్నాడు ఆయన. కోపంగా ఏం కాదు. ఆ మాట రోజుకు ఇరవైసార్లు అనేవాడిలా అన్నాడు. కలం తోకను రుమాలుతో తుడుచుకుని, జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

కాసేపటికి చెత్తబండి వచ్చింది. అది నడిపే అతను ఇంజను ఆపకుండానే రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

"అత్తా, నీకో దణ్ణం, నీ డొక్కలకి పది దణ్ణాలు. పచ్చి డొక్క మా మిషన్లో వేస్తే పీచు పళ్లకి చుట్టుకుంటుంది. పోయిన నెల అలాగే ఆగిపోతే, కత్తెరతో కోసి తీసేసరికి నా గోళ్లు ఊడాయి."

"మరి మీ టోపీ ఆయన ఉంచడానికి లేదంటున్నాడురా!"

"మా టోపీ ఆయన కాడు. ఆయన ఆఫీసు వేరు, మా ఆఫీసు వేరు. మేడ ఒకటే, మెట్లే వేరు."

"ఒకాయన ఉంచనివ్వడు, ఇంకొకాయన తియ్యడు. నేను తినెయ్యనా వీటిని?"

"ఉప్పేసుకుని చూడత్తా" అంటూ అతను గేరు మార్చాడు. పదడుగులు పోయాక మళ్లీ ఆపి, తల బయటపెట్టి, "నిజంగా నాకు చేతనైతే చెయ్యనా?" అన్నాడు. ఆ మాట నిజమేనని ఆవిడకూ తెలుసు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నడుమ ఆవిడా, ఆవిడ బండీ.

*

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కోడలు గుమ్మంలో కూర్చుని సూది గుచ్చుకున్న వేలు చీకుతోంది. ఆ పిల్ల పరుపుల కొట్లో కుట్టుపని చేస్తుంది. కొడుకు లారీ మీద పోయాడు, ఆదివారం దాకా రాడు. ఇంట్లో ఉన్నది వీళ్లిద్దరే. ఇద్దరే అయినా నలుగురున్నంత మాటలు.

సంగతంతా విని కోడలు, "గుట్ట సంగతి తర్వాత చూద్దాం అత్తయ్యా. ముందు పైనున్నవన్నీ బోర్లా తిప్పేస్తే పోలా? నీళ్లే నిలవవు" అంది.

బోండాలత్త కాళ్లు కడుక్కుంటున్నది ఆగి చూసింది. "మీ మామయ్య చెప్పిన మాట అది."

"మామయ్య గారు ఉన్నప్పుడు వాన ఆయన్ని అడిగి కురిసేదా ఏంటి?"

"నీ నోరు బోర్లా తిప్పితే ఈ ఇల్లు బాగుపడుతుందే" అంది అత్త. కోడలు నవ్వింది. అత్త నవ్వలేదు. చెంబు బోర్లించి పెట్టబోయి, ఏం తోచిందో, మళ్లీ నోరు పైకే పెట్టింది.

ఆ మూల పోతే ఇంకో మూల దొరకదా అంటే, దొరకదు. బజారులో మూలలన్నింటికీ మనుషులున్నారు. పైగా ఆవిడ దగ్గరికి వచ్చేవాళ్లు దాహంతో వచ్చేవాళ్లు కారు. లోపల మంచం మీద ఉన్నవాళ్ల కోసం సీసాలు పట్టుకుని వచ్చేవాళ్లు. "మా నాన్నకి, నీళ్లు ఎక్కువ ఉన్నది చూడండి" అంటారు. "మా అమ్మ నోటికి ఏదీ సహించడం లేదు, తియ్యటిది కొట్టండి" అంటారు. ఆవిడ వేలితో తట్టి, చెవి దగ్గర ఊపి, ఏరి కొడుతుంది. మూడోనాటికి వాళ్లే వచ్చి, "లేచి కూర్చున్నాడమ్మా" అని చెప్పి పోతారు. ఆ మాట వినడానికే ఒక్కోరోజు ఒంట్లో బాగాలేకపోయినా వెళ్లేది.

మంగళవారం పొద్దున వీధి చివర ఇస్త్రీ బండి ఆయన్ని అడిగింది. "అన్నయ్యా, నీ పెట్టెలోకి బొగ్గు బదులు ఎండు డొక్కలు పనికొస్తాయేమో చూడు. ఎన్ని కావాలంటే అన్ని పట్టుకుపో."

ఆయనకు ఊరికే వచ్చేదంటే ఉత్సాహం. నాలుగు డొక్కలు ఏరి, రోడ్డు పక్కన రాళ్ల మధ్య పేర్చి అగ్గిపుల్ల గీశాడు. పైకి ఎండినట్టు కనబడ్డాయి గానీ లోపలంతా చెమ్మ. మంట రాలేదు. పొగ వచ్చింది. అలాంటిలాంటి పొగా అది! తెల్లగా, చిక్కగా, బద్ధకంగా లేచి తిన్నగా ఆసుపత్రి కిటికీల్లోకి దూరింది. పై అంతస్తులోంచి పెద్ద నర్సు తల బయటపెట్టి, "ఎవరయ్యా అది? ఉన్న దగ్గులు చాలడం లేదా మాకు?" అని కేక వేసింది. ఇస్త్రీ ఆయన బకెట్టు నీళ్లు గుమ్మరించి, మసి కొట్టుకుపోయిన మొహంతో వచ్చి నిలబడ్డాడు. పక్కన ఉతికి ఆరేసిన తెల్లచొక్కాలు రెండు బూడిదరంగుకు వచ్చాయి.

"చెల్లెమ్మా, నీ పుణ్యమా అని మళ్లీ ఉతకాలి."

"అడిగింది నేనేలే. తే, నేనే ఉతుకుతా" అంది ఆవిడ.

ఆ చొక్కాలు పిండి ఆరేసి వచ్చేసరికి బండి దగ్గర ఒక చిన్నపిల్ల తల్లి నిలబడి ఉంది. నాలుగేళ్ల పాపను భుజాన వేసుకుంది. పాప బుగ్గలు ఎర్రగా, పెదాలు పగిలి ఉన్నాయి. కాళ్లు రెండూ కొమ్మకు కట్టిన గుడ్డపీలికల్లా వేలాడుతున్నాయి.

"ఎన్నాళ్ల నుంచమ్మా?"

"అయిదు రోజులండీ. దోమకాటు జ్వరమట. లోపల మంచాలన్నీ ఇవే. నిన్నటి నుంచి ఇద్దరిద్దర్ని పడుకోబెడుతున్నారు."

బోండాలత్త కాయ ఎడమ అరచేతిలో నిలబెట్టింది. కత్తి ఎత్తింది. ఎత్తిన కత్తి అలాగే ఉండిపోయింది.

"ఏమైందండీ?" అంది పిల్ల తల్లి.

"ఏం లేదమ్మా." మూడు వాలు దెబ్బలు కొట్టి, కత్తి మొనతో మూత లేపింది. గొట్టం పెడితే పాప పీల్చలేకపోయింది. అప్పుడు ఆవిడ డొక్క అంచున ఒక ముక్క చెక్కి, అరచెంచాలా చేసి, దాంతో చుక్కచుక్కా తానే పాప నోట్లో పోసింది. సగం తాగాక పాప చెంచాను పళ్లతో పట్టుకుంది. పిల్ల తల్లి మొహాన చిన్న నవ్వు వచ్చింది. ఆవిడ మొహాన రాలేదు.

వాళ్లు గేటులోకి వెళ్లగానే బోండాలత్త గుట్ట దగ్గరకు నడిచింది. జ్వరం వచ్చినవాళ్లకి నీళ్లమ్ముతూ, జ్వరాన్ని ఈ చేత్తోనే పెంచుతున్నానా? ఆ ఒక్క మాట తలలో గిర్రున తిరుగుతోంది. మొదటి డొక్క తీసింది. నీళ్లు ఎండిన మట్టి మీద గుమ్మరించి, ఆ పురుగులు కొట్టుకులాడి ఆగిపోయేదాకా చూసింది. డొక్కను చేతిలో అటూ ఇటూ తిప్పింది. "తప్పదు, ఏమనుకోకు" అని గొణిగి, బోర్లా పెట్టింది.

తర్వాత ఇక ఆగలేదు. పైవరస, దాని కింద వరస, చెయ్యి దూరిన చోటల్లా. పొద్దు వాలేసరికి చీర కుచ్చెళ్లు మోకాళ్ల దాకా తడిసి, వేళ్లు నానిపోయి ముడతలు పడ్డాయి. వచ్చి బండి దగ్గర నిలబడింది. గంటసేపు ఒక్క బేరం రాలేదు. రోడ్డు ఇటు చూసింది, అటు చూసింది. పడనే పడింది బోర్లా, అనుకుంది. మా ఆయన చెప్పనే చెప్పాడు, విన్నాను కాదు.

అంతలో ఆసుపత్రి గంట కొట్టారు. చూడటానికి వచ్చేవాళ్లకు గేటు తెరిచారు. అర్ధగంటలో ఎనిమిది కాయలు కొట్టింది. రోజూ ఆ వేళప్పుడు గంట కొట్టేదాకా బేరం ఉండదన్న సంగతి ఆ ఒక్కరోజే ఎలా మర్చిపోయిందో!

*

బుధవారం కోడలు పనికి వెళ్లలేదు. పొద్దున్నే ఒక డొక్కను బట్టలుతికే బండ మీద పెట్టి కర్రతో దంచి, దువ్వి, పీచు తీసి, ఆ గుప్పెడు పీచూ పట్టుకుని పరుపుల కొట్టు యజమాని దగ్గరకు పరుగెత్తింది. వెళ్లినంత వేగంగానే తిరిగి వచ్చి బండి మీద చతికిలబడింది.

"ఏమన్నాడే?"

"రెండు వేళ్లతో పట్టుకుని లాగితే పుటుక్కున తెగింది. 'ఇది లేత బోండాం పీచు, పరుపుకి ముదురుకాయ పీచు కావాలి, నాలుగేళ్ల నుంచి కుడుతున్నావు ఆ మాత్రం తెలీదా' అని నలుగురిలో తలంటాడు. తెలుసు అత్తయ్యా. తెలిసే వెళ్లాను. ఏమో, ఒప్పుకుంటాడేమో అని."

"గిన్నెలు తోముకోడానికన్నా వస్తుందిగా."

"వస్తుంది. ముడేసి ఇస్తే వీధిలో అందరూ తీసుకుంటారు. ఈ గుట్టంతటితో గిన్నెలు తోమాలంటే మాత్రం దేశంలో గిన్నెలు చాలవు."

అప్పటికి ఇద్దరికీ తోచింది ఒక్కటే. గుట్ట విప్పి గోనెసంచుల్లో నింపడం. ఎక్కడికి తీసుకెళ్లాలో తెలీకపోయినా నింపడం. ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతుందని. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు గానీ, ఈ కొండ నిలబడి తవ్వినా తరగడం లేదు. పైన పచ్చవి రాళ్లలా బరువు. నడుమ ఉన్నవి తేలిక, వాటి మీద జెర్రులూ బొద్దింకలూ. "మా చుట్టాలే, భయపడకు" అంటూ అత్త వాటిని చీపురుతో తోస్తుంటే, కోడలు బండెక్కి నిలబడి కేకలు.

మధ్యాహ్నానికి గోడవైపు అంచుకు వచ్చారు. అక్కడ గుట్టకూ గోడకూ మధ్య జానెడు సందు ఉంది. ఎండ నిటారుగా ఉన్నప్పుడు మాత్రం వెలుగు పడుతుంది.

"అత్తయ్యా! ఇది చూడండి."

నల్లబడ్డ డొక్క ఒకటి, నోరు పైకి ఉంది. అందులోంచి మిరపమొక్క. మోచెయ్యి పొడవుంది. ముదురాకుపచ్చ ఆకులు, మూడు కాయలు, కొసన తెల్లటి పువ్వు.

ఇద్దరూ దాని ముందు గొంతుక్కూర్చున్నారు. ఎవరూ ముట్టుకోలేదు.

"ఏంటత్తా, వాడిపోయావు? పొద్దున్నించి నీళ్లు పొయ్యలేదా నీకెవరూ?"

వచ్చింది మొక్కలాయన. వెనక సందులో మొక్కలమ్ముతాడు. మనుషుల్ని కూడా మొక్కల్ని పలకరించినట్టే పలకరిస్తాడు. రోజూ ఆ వేళకు వచ్చి ఒక కాయ తాగి పోవడం ఆయన అలవాటు. బోండాలత్త మిరపమొక్కకేసి చూపించింది.

ఆయన దాన్ని రెండు చేతులా ఎత్తాడు. కింద చూశాడు. డొక్క అడుగు మెత్తబడి పగిలిన చోటునుంచి తెల్లటి వేర్లు, దారప్పోగుల్లా, బయటికి వచ్చి వేలాడుతున్నాయి. లోపలి నల్లపొట్టు చిటికెడు తీసి పిండాడు. వేళ్ల సందుల్లోంచి నీటిచుక్క ఒకటి దిగింది.

"ఇది ఎవరు నాటారు?"

"ఎవరు నాటుతారు? మధ్యాహ్నం డబ్బాలో అన్నం తిన్నప్పుడు కారమని కొరికి పారేసి ఉంటా."

"ఎన్నిసార్లు నీళ్లు పోశావు?"

"అది ఉందనే తెలీదే నాకు!"

మొక్కలాయన కాయ సంగతి మర్చిపోయాడు. నేల మీద కూర్చుని డొక్కలు ఒక్కొక్కటే తీసి, గోరుతో గీకి, వాసన చూసి, మూడు కుప్పలు పెట్టడం మొదలుపెట్టాడు. కోడలు ఉండబట్టలేక, "పెళ్లిచూపులా బాబాయ్? ఏదో ఒకటి చెప్పండి" అంది.

"చెప్తా ఉండమ్మా. నేను నల్ల కవర్లలో మొక్కలు పెంచుతానా? నాటేటప్పుడు కవరు చింపుతారు. చింపినప్పుడల్లా వేరు తెగుతుంది. పది నాటితే నాలుగు చస్తాయి. తిట్లు నాకు. అదే ఈ డొక్కలో పెంచితే, డొక్కతో సహా గోతిలో పెట్టేయడమే. వేరుకి తెలీను కూడా తెలీదు ఇల్లు మారినట్టు." రెండో కుప్ప చూపించాడు. "ఈ పగిలినవి చెట్ల మొదట్లో బోర్లా పరిస్తే ఎండకి మట్టి ఎండదు. ఇదిగో, ఈ అడుగు పొట్టు బంగారం. మట్టిలో కలిపితే చెంబుడు నీళ్లు పోసే చోట గ్లాసుడు చాలు."

"పైనున్న పచ్చివో?" అంది బోండాలత్త.

"పచ్చివి ఇప్పుడే పనికిరావు. వగరు ఉంటుంది, లేత వేరు మాడిపోతుంది. నానబెట్టాలి. నీళ్లు టీ రంగులో దిగుతాయి. పారబోసి మళ్లీ నానబెట్టాలి. తేటనీళ్లు వచ్చాకే మట్టి వెయ్యాలి."

"మళ్లీ నీళ్లా? మళ్లీ దోమలా? వద్దు నాయనా!"

"నా దగ్గర మూత ఉన్న తొట్టి ఉందత్తా. దోమ కాదు, దోమ తాతకి కూడా సందు ఉండదు."

ఆయన ఆవిడ కత్తి తీసుకుని ఒక డొక్క నోరు పెద్దది చెయ్యబోయాడు. అది నిలువునా రెండయింది. రెండోది మూడయింది. బోండాలత్త కత్తి లాక్కుంది. డొక్కను ఎడమ చేతిలో తిప్పుతూ, నోటి చుట్టూ చిన్నచిన్న దెబ్బలు, ఒకటి, రెండు, నాలుగు. గుండ్రటి మూత ఊడి పడింది. తిరగేసి, కత్తి మొన గుచ్చి ఒక్క తిప్పు తిప్పింది. అడుగున చిల్లు. ఆయన చేతిలో పెట్టింది.

మొక్కలాయన దాన్ని కంటి దగ్గర పెట్టుకుని చిల్లులోంచి ఆవిడని చూశాడు. "అత్తా, నాకు ఇలాంటివి ఎన్నయినా కావాలి. రేపు తెల్లారి మూడు చక్రాల బండి తెస్తాను."

*

గురువారమంతా ఆ బండి తిరుగుతూనే ఉంది. బోండాలత్త ఒక కాయ అమ్ముతుంది, పది డొక్కలకు నోరు కోస్తుంది. కోడలు సంచులు పడుతుంది. ఇస్త్రీ ఆయన చొక్కాల కోపం మర్చిపోయి వచ్చి ఎత్తించాడు. చెత్తబండి అతను దారిలో ఆగి, "ఏంటత్తా, నిజంగానే ఉప్పేసుకున్నావా?" అని, తన బండిలోంచి పార ఒకటి తీసి ఇచ్చి వెళ్లాడు.

సాయంత్రం చివరి బండికి అడుగు పొట్టు ఎత్తుతుంటే కోడలు పార ఆపింది.

"గోడ మీద ఈ గీతేంటి అత్తయ్యా?"

తొమ్మిదేళ్లుగా గుట్ట కప్పేసిన గోడ. కింద మోకాలెత్తున ఒక సున్నపు గీత, ఈ చివర నుంచి ఆ చివరకు. ఒకచోట అయిదు వేళ్లూ సున్నంలో ముంచి అద్దిన గుర్తు.

బోండాలత్త దగ్గరకు వచ్చింది. కూర్చుంది. ఆ వేళ్ల మీద తన వేళ్లు పెట్టింది. ఆవిడవి చిన్నవి, లోపలే ఇమిడిపోయాయి.

"మీ మామయ్య గీశాడే. గుట్ట ఈ గీత తాకిందంటే, ఎంత బేరం ఉన్నా వదిలేసి, ఆ వారానికావారం బండి మీద ఏటి పక్క తోటకి తోలేవాడు. చెట్ల మొదట్లో వేసి వచ్చేవాడు. నేను వద్దనేదాన్ని. ఊరికే ఒళ్లు హూనం ఎందుకని."

"మరి తర్వాత?"

"ఆయన పోయాడు. తోట పోయి ఇళ్లొచ్చాయి. నేను ఒక్కదాన్ని తోలలేక ఈ వారం కాకపోతే వచ్చే వారం అనుకున్నా. గీత మునిగిపోయింది. మునిగాక ఇక గుర్తులేదు."

బోండాలత్త గీత మీది మట్టిని కొంగుతో తుడిచింది.

"ఆయన చెప్పింది రెండు మాటలే పిల్లా. నోరు పైకి పెట్టమన్నాడు, గీత దాటనివ్వొద్దన్నాడు. వారానికోసారి తీసేస్తుంటే నోరు పైకున్నా నీళ్లు ఎక్కడ నిలుస్తాయి, పురుగు ఎక్కడ పుడుతుంది? నేను సుళువుగా ఉన్నదొక్కటీ పట్టుకున్నా."

కోడలు అత్త భుజం మీద చెయ్యి వేసి, "అయితే నేను బోర్లా తిప్పమన్నానని మామయ్య గారు నా మీద కోపంగా ఉండరు" అంది.

"నీ మీదా? నిన్ను చూసి ఉంటే గీత నీ చేతే గీయించేవాడు." బోండాలత్త ముక్కు తుడుచుకుని లేచింది. మంగళవారం నుంచీ గుండెల మీద కూర్చున్న బరువేదో, పొట్టుతోపాటు ఆ చివరి బండి ఎక్కి వెళ్లిపోయినట్టయింది. ఆ రోజు నీళ్లు తాగుతుంటే నీళ్లు రుచిగా ఉన్నాయి.

*

శుక్రవారం పదింటికి టోపీ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. వెంట ఖాళీ లారీ, అందులో ఇద్దరు మనుషులు. బండిని ఎత్తించడానికే తెచ్చాడని చూడగానే తెలిసిపోయింది. కోడలు పీచు ముడులు వేస్తున్నదల్లా ఆగిపోయింది.

ఆయన లారీ దిగి మూలకు నడిచి, ఆగిపోయాడు. గోడ కనబడుతోంది. ఊడ్చి నీళ్లు చల్లిన నేల కనబడుతోంది. కొత్తగా వేసిన సున్నపు గీత. దాని కింద ఆ పొద్దుటి డొక్కలు పదో పన్నెండో, బుద్ధిగా బోర్లా పడుకుని ఉన్నాయి. ఆయన చుట్టూ చూశాడు, ఎక్కడో దాచారేమోనన్నట్టు. బండి కింద కూడా వంగి చూశాడు.

"ఎక్కడ పారేశావమ్మా? కాలవలో కాదు కదా?"

"పారెయ్యలేదు బాబూ. ఇదిగో."

బండి మీద, కాయల పక్కన, డొక్కలో మిరపమొక్క. పక్కనే కొత్త డొక్కల్లో చిన్న మొలకలు నాలుగు, మొక్కలాయన పొద్దున్నే తెచ్చి పెట్టినవి. ఇన్‌స్పెక్టరు జేబులోంచి కలం తీశాడు. దాని తోకతో మిరపమొక్క ఉన్న డొక్కను కొంచెం వంచాడు. అలవాటు ఎక్కడికి పోతుంది! నీళ్లు లేవు. బోండాలత్త చెంబుడు నీళ్లు తెచ్చి ఆయన ఎదురుగానే అందులో పోసింది. రెండు నిమిషాల్లో అడుగు పగులులోంచి దిగి, బండి చెక్క మీదుగా కారి ఆయన బూటు మీద పడ్డాయి. ఆయన కాలు తియ్యలేదు. చుక్కలు ఆగేదాకా చూశాడు.

లారీలో మనుషులకు వెళ్లిపొమ్మని చెయ్యి ఊపాడు. అప్పుడు టోపీ తీసి బండి మీద పెట్టి, నుదురు తుడుచుకున్నాడు. నడినెత్తిన ఒక్క వెంట్రుక లేదు. కోడలు మొహం పక్కకు తిప్పుకుంది.

"ఒక కాయ కొట్టు" అన్నాడు.

ఆవిడ వేలితో తట్టి, చెవి దగ్గర ఊపి, ఏరి కొట్టింది. ఆయన నిలబడే తాగాడు. తాగుతూ మధ్యలో, "నా కింద ఇలాంటి మూలలు ఇంకా ఆరున్నాయి. అన్నింటికీ వారం వారం గడువులు పెట్టి వచ్చాను. గడువు పెట్టడం ఒక్కటే తెలుసు నాకు. ఎక్కడ వెయ్యాలో ఎవరికీ చెప్పలేకపోయాను" అన్నాడు. ఎవరితో అంటున్నాడో తెలీనట్టు అన్నాడు.

"చెప్తే సరి బాబూ. మొక్కలాయన ఉన్నాడు, కత్తి పట్టడం నేను చూపిస్తా. ఒక్కపూట పని."

"వస్తావా?"

"బండి ఉంటే వస్తా" అంది బోండాలత్త.

ఆయన నవ్వు ఆపుకున్నాడు గానీ ఆగలేదు. ఖాళీ డొక్క ఆవిడకిచ్చి, వెళ్లబోయి, మళ్లీ వెనక్కి వచ్చాడు. మొలకల దగ్గర నిలబడ్డాడు. ఎంతకీ కదలడు.

"మా ఇంట్లో కుండీల్లో ఏదీ బతకదు" అన్నాడు చివరికి. "ఒకటి ఇస్తావా, అత్తా?"

ఆ పిలుపుకు కోడలు గభాల్న తలెత్తి చూసింది. ఊరంతా పిలిచే పిలుపే. ఆయన నోట రావడం మాత్రం అదే మొదలు.

బోండాలత్త మొలకలు ఇవ్వలేదు. కాసిన మిరపమొక్కే తీసి ఇచ్చింది. ఆయన దాన్ని ఫైలు పెట్టుకున్నట్టు చంకలో పెట్టుకోబోయాడు.

"అయ్యో అయ్యో! నోరు పైకి పట్టుకో నాయనా. బోర్లా పడకూడదు."

ఆయన ఒళ్లు సర్దుకుని, రెండు చేతుల మధ్యా తిన్నగా పట్టుకుని, గేటు దాటి మలుపు తిరిగేదాకా అలాగే అడుగులో అడుగు వేసుకుంటూ నడిచాడు. టోపీ బండి మీదే మర్చిపోయాడు.

ఆయన తాగేసిన డొక్క ఇంకా బోండాలత్త చేతిలోనే ఉంది. అడుగున ఉన్న నాలుగు చుక్కలు నేల మీద దులిపింది. వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాపి, గీత కింద బోర్లా పెట్టింది. కళ్లు అప్పటికే తర్వాతి మనిషి మీద ఉన్నాయి. మంగళవారం నాటి పిల్ల తల్లి ఖాళీ సీసా పట్టుకుని వస్తోంది. భుజాన పాప లేదు. పక్కన వేలు పట్టుకుని నడుస్తోంది.